ఏడు గుట్టల రాణి తప్పు

నిన్న సాయంత్రం మా మనవరాలు ఎబెన్‌లో ఆఫీసు వదిలి, వానలో తడుస్తూ ఇంటికొచ్చింది. భుజాన కొత్త సంచి. ఒకప్పుడు మిల్లులో చక్కెర నింపిన గోనెసంచులే ఇప్పుడు రంగు పట్టీలు కుట్టించుకుని ఫ్యాషనైపోయాయి. "నానమ్మా" అన్న ఒక్క ముక్క తెలుగులో పిలిచి, దాన్నెక్కడ ఆరేయాలో ఈ దీవి భాష క్రియోల్‌లో అడుగుతూ నా ఒళ్ళో పడేసింది. ఆ తడి గోనె వాసన ముక్కుకు తగలగానే అంతా కళ్ళముందుకొచ్చింది. ప్లేన్ మాన్యెన్ ఊళ్ళో మా రామభజన షెడ్డు, రేకుల మీద వాన, ముడి చక్కెర వాసన వదలని గోనెసంచుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న పదిమంది పిల్లలం, ఎదురుగా నస్యం డబ్బీ పట్టుకుని సింహాద్రి మాస్టారు. ఆయన పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆయన గురించి ఎవరికైనా చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో, అన్నిసార్లూ మానుకున్నాను.

మానుకోవడానికి కారణం ఉంది. ఎవరినైనా పొగడాలంటే ముందు వాళ్ళ తప్పు చెప్పి తీరాలన్నది ఆయన పెట్టిన నియమం. సరే, చెబుతాను. ఆయనకు ముక్కు మీద కోపం. నస్యం పీల్చి తుమ్మితే ముందు వరుసలో కూర్చున్నవాళ్ళ గతి దేవుడికే తెలియాలి. మా పేర్లు ఏనాడూ గుర్తుండేవి కావు, ఆడపిల్లలందరూ "అమ్మి", మగపిల్లలందరూ "ఒరే". ఇంకో తప్పు కూడా ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను, ఇప్పుడే నా వల్ల కాదు.

మాస్టారంటే పెద్ద చదువులు చదివినవారేమీ కాదు. చెరకు తోటలో కూలీ. వయసులో ఉన్నప్పుడు పొలంలో రాళ్ళు ఏరి గుట్టలు పెట్టే పని చేశారు. ఆ బరువుకు నడుం వంగిపోయి, తర్వాత ఎన్నడూ నిటారుగా నిలబడలేదు. వాళ్ళ తాత ఇసుకలో దిద్దించిన తెలుగే ఆయన ఆస్తి. ప్రతి శనివారం మధ్యాహ్నం, భజనకు పెద్దలు రాకముందు, షెడ్డులో మాకు పాఠం చెప్పేవారు. ఉన్నది ఒకే ఒక్క వాచకం, అందులోనూ సగం పేజీలు చెదలు తినేశాయి. దాన్ని మేం రెండు నెలల్లో నమిలి మింగేశాం. ఆ తర్వాత చదవడానికేముంది? ఏమీ లేదు. నా సంగతి మరీ అన్యాయం. ఆరో తరగతితో నాయన నన్ను బడి మాన్పించాడు. ఇంట్లో తమ్ముళ్ళను చూసుకోవాలి, అమ్మతో పాటు చెరకు తోటకు పోవాలి. వారానికి ఆ రెండు గంటలే నాకు మిగిలిన చదువు.

వాచకం అయిపోయిన శనివారం మాస్టారు మమ్మల్ని షెడ్డు వెనక్కి తీసుకుపోయారు. కోసిన చెరకు తోటలో నల్లరాళ్ళ గుట్టలు, తెలుగు నేల నుంచి ఈ దీవికి చెరకు కూలీలుగా ఓడెక్కి వచ్చిన మా తాతముత్తాతలు మోసి పేర్చినవి, వరసగా ఏడున్నాయి.

"ఇవి ఏటి?" అని అడిగారు.

"రాళ్ళు మాస్టారూ."

"రాళ్ళు కావు, కోటలు. ఒక్కో కోటకి ఒక్కో రాజు. ఏ రాజు ఏం చేశాడో మీరే రాయండి. తెలుగులో రాయాలి, అంతే."

అలా పుట్టింది ఏడు గుట్టల రాజ్యం. దానికి పంటలు, యుద్ధాలు, పన్నులు అన్నీ మేమే పెట్టాం. మొదటి గుట్ట పెద్దిరాజుది, కరువులో తన కంచం కూడా అమ్మి జనానికి గంజి పోశాడు. మూడో గుట్ట రాజు మీసాల మీద పన్ను వేశాడు, వాణ్ణి రాసిన పిల్లాడికి మీసాలంటే ఏం కోపమో మరి. సముద్రం వైపున్న ఆరో గుట్ట నాది. అక్కడ నీలవేణి రాణిని కూర్చోబెట్టాను. దూరదేశపు రాజు ఓడలు మా రేవులో నిలబడి అధికారం చేస్తుంటే, ఆవిడ ఒంటరిగా రేవుకు నడిచి వెళ్ళి, "మీ పని అయిపోయింది, పోండి" అని ఓడలన్నిటినీ తిప్పి పంపేసింది. రాస్తుంటే నాకే ఒళ్ళు పులకరించింది.

నెలలో చివరి శనివారం వాదన. ఈ రాజ్యానికి అందరికన్నా మంచి పాలకుడెవరు? నోట క్రియోల్ మాట జారితే కూర్చోవాలి. ఎవరి రాజు తరఫున నిలబడితే ఆ రాజు తప్పు ముందు చెప్పాలి, తర్వాతే గొప్ప. నాకది సుతరామూ ఇష్టముండేది కాదు. నా రాణికి తప్పేమిటి? అందుకని ప్రతిసారీ ఒకటే చెప్పేదాన్ని: "మా రాణికి కోపం ఎక్కువ."

ఒకరోజు మాస్టారు విసుక్కున్నారు. "కోపం నాకూ ఉంది అమ్మి. అదేం తప్పు? తప్పంటే దానివల్ల ఎవరో ఒకరు ఏడవాలి. ఎవరు ఏడ్చారో పోయి ఎతుకు."

వెతకలేదు. వెతకాలనిపించలేదు.

ఆ వాదనలు వినడానికి భజన పెద్దలు ముందుగానే వచ్చి వెనక బల్ల మీద కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. సభ పెద్ద గోవిందుగారు, ఆయన తల్లి అప్పలమ్మ అవ్వ ఎప్పుడూ ఉండేవారు. అవ్వకు ఎనభై దాటాయి, చూపు మందగించింది. నేను నీలవేణి రాణి ఓడల్ని తిప్పి పంపిన ఘట్టం చెప్పగానే ఆవిడ రెండు చేతులూ జోడించి, "మా తాతలూరి రాణేనా మాస్టారూ? మాకెవరూ చెప్పలేదే! కూలోళ్ళం అనుకున్నాం గానీ, మాకూ ఒక రాణి ఉందన్నమాట" అంది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. మేం మోచేతులతో పొడుచుకుంటూ కిసుక్కున నవ్వాం. మాస్టారు నస్యం డబ్బీ తెరిచారు, మూశారు. అవ్వ పొరపాటు దిద్దలేదు. మా అల్లరి కథను మా పెద్దలు తాతల దేశపు చరిత్ర అనుకుంటున్నారని ఆ రోజే మాకు తెలిసింది.

అంతలో ఎన్నికలు వచ్చాయి. స్వతంత్రం కావాలా, ఇంగ్లీషువాళ్ళతోనే ఉండాలా అని దీవి మొత్తం రెండుగా చీలిపోయింది. మా వీధి కూడా. గోవిందుగారు స్వతంత్రం వైపు. దుకాణం ముందు నిలబడి, "మన తాతల దేశంలో ఒక ఆడది ఓడల్ని తిప్పి పంపింది. మనకి భయమేటి?" అని ఉపన్యాసాలు మొదలుపెట్టారు. మా నాయన విమానాశ్రయంలో సామాన్లు మోసేవాడు. దొరలు పోతే పని పోతుందని బెంగ. ఒకరోజు దుకాణం నుంచి వచ్చి చొక్కా కూడా విప్పకుండా నన్ను పిలిచాడు.

"ఆ లారెన్ కథ నీదేనా?" లారెన్ అంటే రాణి. కోపమొస్తే నాయనకు క్రియోలే వస్తుంది.

"అవును."

"నా ట్రావాయ్ పోతే నీ రాణి అన్నం పెడతాదా? ఈసారి షెడ్డులో దాన్ని పొగిడావా, ఇక నీకు మాస్టారూ లేడు, తెలుగూ లేదు. సెప్పేసినాను."

మర్నాడు తోటలో మాస్టారు కనిపిస్తే ఏడుస్తూ చెప్పాను. ఆయన కత్తి పక్కన పెట్టి అంతా విన్నారు.

"తప్పు దొరికిందా?" అని అడిగారు.

ఒళ్ళు మండింది. "నా చదువు పోతుందంటే తప్పు గురించి అడుగుతారేటి మాస్టారూ!"

"అదే అడుగుతున్నాను. ఆ ఓడల్లో సామాన్లు దింపినోళ్ళెవరు అమ్మి? ఓడలు పోయాక వాళ్ళేం తిన్నారు? రాశావా?"

ఆ సాయంత్రం నాయన గడప మీద కూర్చుని రేపటి పనికి బూట్లు తుడుచుకుంటున్నాడు. అరిగిపోయిన బూట్లు, గుడ్డతో తుడిచి, ఊది, మళ్ళీ తుడుస్తున్నాడు. నా కథలో రేవు ఉంది, రాణి ఉంది, ఓడలున్నాయి. ఇలా బూట్లు తుడుచుకునే మనిషి ఒక్కడూ లేడు. సిగ్గుతో చచ్చిపోయాను.

చివరి శనివారం షెడ్డు కిక్కిరిసిపోయింది. నన్ను ఆపడానికే వచ్చినట్టు నాయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నా వంతు వచ్చింది. లేచి చెప్పాను: "మా నీలవేణి రాణి చేసిన తప్పు ఇది. ఓడల్ని పంపేసిన రోజు, రేవులో మూటలు మోసి బతికేవాళ్ళను ఆవిడ పిలవలేదు. మీ గతేమిటని ఒక్కమాట అడగలేదు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ రాత్రి పొయ్యి వెలగలేదు. మంచి పని చేసింది, కానీ వాళ్ళను మరచిపోయింది."

ఇక గొప్ప చెప్పాలి. నోరు తెరిచేలోగా గోవిందుగారు లేచారు. "మన రాణినే నిందిస్తావా! ఎవరు నేర్పారిది?" గుమ్మం దగ్గర నుంచి నాయన, "పిల్ల నిజం సెప్పింది, కూకోండి" అని అరిచాడు. ఎప్పుడూ పెద్దల ముందు నోరెత్తని మనిషి. అంతే, ఇద్దరి వెనకా మనుషులు లేచారు. ఒకడి చొక్కా ఒకడు పట్టుకున్నాడు. చివరికి ఎవరో గట్టిగా అడిగారు: "మాస్టారూ, ఈ రాణి ఏ పుస్తకంలో ఉంది? మీరే తీర్పు చెప్పండి."

షెడ్డంతా ఆయనవైపు తిరిగింది. "ఇది పిల్లలు అల్లిన కథ" అని ఒక్కమాట అంటే చాలు, గొడవ అక్కడితో ఆగిపోయేది. ఆయన అప్పలమ్మ అవ్వ వైపు చూశారు. అవ్వ చేతులు జోడించుకునే ఉంది, తన రాణి గురించి మాస్టారు ఏం చెబుతారా అని. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, తలవంచుకుని వెళ్ళిపోయారు.

మరుసటి శనివారం షెడ్డుకు తాళం. గోనెసంచులు బయట వానలో పడి ఉన్నాయి. నేను మాస్టారి ఇంటికి పరుగెత్తాను. ఆయన భార్య గుమ్మంలోనే ఆపి, "నిద్రపోతున్నారు అమ్మి" అంది. ఆవిడ వెనక లోపలి గదికి కట్టిన కర్టెన్ కింద ఆయన పాదాలు కనిపిస్తున్నాయి. నిద్రపోయే మనిషి పాదాలు నేలమీద ఉండవు కదా. వాన తగ్గేదాకా నిలబడ్డాను. ఆ పాదాలు కదల్లేదు. పాఠం మళ్ళీ మొదలుకాలేదు.

నన్ను ఆదుకున్నది నాయనే. రెండు వారాలు పోయాక, బూట్లు వేసుకుని, "పద" అని బస్సెక్కించి రోజ్ హిల్‌లో తెలుగు చెప్పే ఒక అమ్మగారి దగ్గర చేర్చాడు. దారిలో కిటికీలోంచి చూస్తూ, "మూటలోళ్ళని తలుచుకున్నావు. నిన్ను మాన్పిస్తే నాకు కళ్ళు పోతాయి" అన్నాడు. స్వతంత్రం వచ్చింది, జెండా మారింది, నాయన పని పోలేదు. నేను ప్రభుత్వ బడిలో తెలుగు పంతులమ్మనయ్యాను. ముప్పై ఏళ్ళు చెప్పాను.

ఉద్యోగం వచ్చిన కొన్నాళ్ళకు మాస్టారు మంచాన పడ్డారని తెలిసి వెళ్ళాను. మనిషి ఎండిపోయారు. నా పేరు అప్పుడూ గుర్తులేదు. "ఆరో గుట్ట అమ్మివి" అన్నారు. పాలు తాగించాను. కాసేపటికి ఆయనే అడిగారు: "పంతులమ్మవి అయ్యావు కదా. నా తప్పు చెప్పు."

"మీకు కోపం ఎక్కువ మాస్టారూ."

ఆయన నవ్వబోయి దగ్గారు. "అది నీ రాణి తప్పు. నాది చెప్పు అమ్మి. నీకు తెలుసు."

నాకు తెలుసు. ఆ కర్టెన్ కింది పాదాలు నా కళ్ళముందే ఉన్నాయి. కానీ మంచం మీదున్న మనిషితో ఎలా అంటాను? దుప్పటి సర్ది, మళ్ళీ వస్తానని చెప్పి లేచొచ్చేశాను. ఆయన తల అటు తిప్పుకున్నారు. మళ్ళీ వెళ్ళేసరికి ఇల్లు ఖాళీ.

అందుకే ఇప్పుడు చెబుతున్నాను మాస్టారూ. మాకు మాట్లాడటం నేర్పి, మాట్లాడాల్సిన రోజున మీరు నోరు మూసుకున్నారు. ఒక ముసలావిడ సంతోషం కాపాడటానికి పదిమంది పిల్లల చదువు వదిలేశారు. వానలో నిలబడిన పిల్లను చూడటానికి కర్టెన్ తీయలేకపోయారు. మీవల్ల నేను ఏడ్చాను.

ఇక గొప్ప. ఏడు గుట్టలకు మేం ఎంతోమంది రాజుల్ని రాశాం, యుద్ధాలు గెలిచినవాళ్ళను, గంజి పోసినవాళ్ళను, ఓడల్ని తిప్పి పంపినవాళ్ళను. మంచం మీద పడుకుని, తనవల్ల ఏడ్చిన పిల్లను పిలిచి, నా తప్పు చెప్పు అని అడిగినవాణ్ణి మాత్రం మాలో ఒక్కరం కూడా రాయలేదు.