అందరికీ ఒకటే పాస్‌వర్డు

2012లో కామారెడ్డి బస్టాండు ఎదుట నాకొక ఇంటర్నెట్ సెంటరు ఉండేది. ఎల్లారెడ్డి దగ్గరి తండా నుంచి జమున రోజూ వచ్చేది. ఇంటర్ అయిపోయింది, పనేమీ లేదు, ఒకచోట కుదురుగా కూర్చునేది కాదు.

"సిద్ధిరాములన్నా, కంప్యూటర్ పాస్‌వర్డును ఏడ దాస్తది?" అని అడిగేది. నాకు తెలిస్తే కదా! తెలియదనడం నామోషీ. "నీకెందుకే గవన్నీ?" అని కసిరేవాణ్ణి.

పాస్‌వర్డు మరిచిపోయి మళ్ళీ బస్సెక్కి వచ్చేవాళ్ళతో విసిగి, నేను దరఖాస్తు నింపిన ప్రతి పిల్లకూ వాళ్ళ ఊరి పేరు, పక్కన 123 కలిపి పాస్‌వర్డుగా పెట్టేశాను. జమున రెండు రోజుల్లో పసిగట్టింది. నేను భోజనానికి వెళ్ళినప్పుడు ఒక్కొక్కరి దరఖాస్తూ తెరిచి చూపిస్తుంటే, అంతవరకు పలకరించని ఆడపిల్లలు చుట్టూ మూగేవారట. పాపం, ఆ పిల్లకు అదే మత్తయింది.

ఒక మధ్యాహ్నం రొప్పుతూ వచ్చింది. "అన్నా, ఆ పిల్లలు నవ్వుతరని మాలతి ఇంజనీరింగ్ కాలేజీల ఆప్షన్లు మార్చిన. దూరం కాలేజీని అన్నిటికంటె మీదికి తెచ్చిన. ఇయ్యాల అయిదింటికి బందైతదంట!"

మాలతిది అదే తండా. దూరమైతే ఇంట్లో పంపరు, చదువు అక్కడితో ఆఖరు.

అప్పటికి నాలుగయింది. ఊళ్ళో ఎక్కడా కరెంటు లేదు, ఇన్వర్టరు పొద్దున్నే చేతులెత్తేసింది. నేను వాకిట్లోకీ లోపలికీ తిరుగుతున్నాను. జమున స్విచ్చు నొక్కుతూనే ఉంది. తిట్టు నోటిదాకా వచ్చి ఆగింది. పాస్‌వర్డు పెట్టింది నేనే కదా.

నాలుగు ముప్పావుకు ఫ్యాను తిరిగింది. సరిగ్గా అప్పుడే మాలతి వచ్చింది. "అన్నా, నా ఆప్షన్లు ఒక్కసారి చూసుకుంట. పాస్‌వర్డు యాదికి లేదు."

జమున కీబోర్డు తన వైపు లాక్కుని కొట్టేసింది. పేజీ తెరుచుకుంది.

"నీకెట్ల తెలుసే?"

"నీ ఆప్షన్లు మార్చింది నేనే. ముందుగాల సరిచేసుకో, అటెన్క కొట్టు."

మాలతి కొట్టలేదు. అయిదుకు మూడు నిమిషాలున్నాయనగా సరిచేసుకుని వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి అందరికీ ఫోన్లు చేసి, పాస్‌వర్డులు మార్చుకొమ్మని పిలిచాను. మాలతి అందరికంటే చివర వచ్చింది. ఆమెను చూడగానే జమున బయటికి వెళ్ళి, రోడ్డు వైపు తిరిగి నిలబడింది.

మాలతి కొత్త పాస్‌వర్డు కొడుతూ ఎడమ చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె పక్కన నేనొక్కణ్ణే ఉన్నాను.