అరవై తొమ్మిది మార్కుల జవాబు పత్రం

2006 వేసవి. మదనపల్లెలోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను కంప్యూటర్ విభాగం చూసేవాణ్ణి. పదో తరగతి ముగించిన పల్లె పిల్లల్లో నలభై మందికి హాస్టలుతో సహా ఉచితంగా ఇంటర్ చెప్పాలని యాజమాన్యం ఆ ఏడు నిర్ణయించింది. ఎంపిక పరీక్ష మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో ఒకే రోజు జరిగింది. వంద ప్రశ్నలు, ఒక్కొక్కదానికి నాలుగు జవాబులు. సరైన జవాబు ఎదుటి గుండ్రాన్ని పెన్సిలుతో నింపాలి. ఇలాంటి పత్రాలను చదివే ఓఎంఆర్ యంత్రం మా దగ్గర లేదు. లెక్చరర్ నోట్సును వెనక బెంచీలకు తెర మీద చూపడానికి ఒక తరగతి గదిలో పెట్టిన వెబ్ కెమెరా మాత్రం ఉంది. దాన్ని కిందికి చూసేలా ఇనుప స్టాండుకు బిగించి, రెండు పక్కలా ట్యూబులైట్లు అమర్చి, పత్రాలను చదివే ప్రోగ్రాము నేనే రాశాను.

అది పనిచేసే తీరు కొంత చెప్పాలి. పత్రం నాలుగు మూలల్లో నాలుగు నల్లని చతురస్రాలుంటాయి. వాటిని రిజిస్ట్రేషన్ గుర్తులంటారు. ప్రోగ్రాము ముందుగా ఆ నాలుగు నల్లని మచ్చల మధ్యబిందువులను కనుక్కొని, వాటి ఆధారంగా నాలుగు వందల గుండ్రాలూ ఎక్కడెక్కడ ఉండాలో లెక్క కడుతుంది. గుండ్రాలను లేత నీలం సిరాతో అచ్చు వేయించాను. కెమెరా తీసిన రంగుల బొమ్మలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు విలువలుంటాయి. నీలం విలువను మాత్రమే తీసుకుంటే నీలం గీతలు తెల్లకాగితంలో కలిసిపోయి, పెన్సిలు నలుపు ఒక్కటే మిగులుతుంది. ఈ ఉపాయం నాకు కొంత గర్వంగా కూడా ఉండేది. నేను నింపి చూసుకున్న నమూనా పత్రాల్లో ఒక్క తప్పూ రాలేదు.

మార్కుల పట్టిక బోర్డు మీద అతికించిన మరునాడు ఉదయం రెడ్డెమ్మ టీచరు వచ్చారు. పుంగనూరులో లెక్కలు చెప్పే ఆవిడ. అక్కడి పరీక్ష కేంద్రాన్ని నడిపిందీ ఆవిడే. వెంట నాగవేణి అనే అమ్మాయి ఉంది. పెద్దపంజాణి దగ్గర ఒక పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకున్న పిల్ల. ఆ పిల్లకు అరవై తొమ్మిది వచ్చాయి. నలభయ్యో సీటు డెబ్బై ఎనిమిది దగ్గర ఆగింది. ఎంపికైనవాళ్ల జాబితా ఆ సాయంత్రం నాలుగు గంటలకు బోర్డు మీదికి ఎక్కాలి. సీటు రాకపోతే చదువు చాలించి ఇంటి దగ్గర ఆవుల్ని చూసుకొమ్మని తండ్రి చెప్పేశాడని టీచరు మొదటే చెప్పారు.

"సారూ, ఈ పాప నా కాడ మూడేండ్లు సదివిండాది. దీనికి అరవై తొమ్మిది వచ్చే పేపరు ఇంకా ఎవురూ తయారు చెయ్యలా" అన్నారు.

యంత్రానికి పక్షపాతం ఉండదని, కావాలంటే మళ్లీ చదివిస్తానని అన్నాను. పత్రం తీసి వాళ్ల ముందే కెమెరా కింద పెట్టాను. అరవై తొమ్మిది. తీసి మళ్లీ పెట్టాను. అరవై తొమ్మిది. నాకు అది రుజువుగా తోచింది. ఆవిడకు తోచలేదు.

"రెండుసార్లు అదే చెప్తే నిజమైపోతాదా సారూ? మా క్లాసులో అబద్ధాలు చెప్పే పిల్లోళ్లు గూడా మళ్లీ అడిగితే అదే చెప్తారు."

అప్పుడు నాగవేణి తన ప్రశ్నపత్రం నా ముందు పెట్టింది. ప్రతి ప్రశ్నకూ తాను ఎంచుకున్న జవాబు పక్కన చిన్న టిక్కు పెట్టుకుంది. సరైన జవాబుల కీతో పోలిస్తే తొంభై మూడు సరిపోయాయి. నేను చేయకూడని పని అప్పుడే చేశాను. ఇవి ఇంటికి పోయాక పెట్టుకున్న టిక్కులు కావని ఎలా నమ్మాలని అడిగాను. టీచరు ముఖం మాడిపోయింది. ఆ పిల్ల మాత్రం తల దించలేదు.

"ఇది వద్దులే సార్. నేను నింపిన పేపరే మీ సేతిలో ఉండాది కదా. దాన్నే సూడండి."

మూడు ఊళ్ల పత్రాలను కెమెరా కింద నడిపించిన నేను, వాటిలో ఒక్కదాన్ని కూడా కంటితో చదవలేదు.

కీని పక్కన పెట్టుకొని వేలితో ఒక్కొక్క వరుసా దిద్దాను. తొంభై మూడు. టిక్కులకూ గుండ్రాలకూ ఒక్క తేడా లేదు.

ఆ పత్రంలో యంత్రం ఏం చదివిందో అచ్చు తీసి పక్కన పరిచాను. ప్రశ్నలు నాలుగు నిలువు వరుసల్లో, వరుసకు ఇరవై అయిదు చొప్పున ఉంటాయి. యంత్రం పొరబడ్డవన్నీ ఒకటి నుంచి ఎనిమిది, ఇరవై ఆరు నుంచి ముప్పై మూడు, అలా ప్రతి వరుసలోనూ పై ఎనిమిదింటిలోనే ఉన్నాయి. అక్కడ అది ఒక ప్రశ్నకు బదులు దాని కింది ప్రశ్న జవాబును చదివింది. తెలియక రాసే పిల్లలు ఇంత క్రమబద్ధంగా తప్పులు చేయరు. పత్రం పైభాగంలో నా కొలత కిందికి జారిందన్నమాట.

తెర మీద నీలం విలువల బొమ్మను పెద్దది చేశాను. పై రెండు మూలల్లోనూ నల్లని చతురస్రం కిందికి తోక సాగి, దాదాపు రెండింతలైంది. కింది మూలల్లో తోక చాలా చిన్నది. కాగితం మీద చూస్తే అక్కడ లేత పసుపుపచ్చ మరక తప్ప ఏమీ లేదు. పసుపుపచ్చ రంగు నీలం వెలుగును మింగేస్తుంది. మన కంటికి లేతగా కనబడే ఆ మరక నీలం విలువల్లో నలుపే. మచ్చ సాగితే మధ్యబిందువు జారుతుంది. అది జారితే వరుసలూ జారుతాయి. గుర్తు ఇంతకు మించి పెరిగితే పత్రాన్ని తిప్పి పంపమనే హద్దు ప్రోగ్రాములో ఉంది. అచ్చులో సిరా అలుక్కుపోతుందేమోనని ఆ హద్దును వదులు చేసింది నేనే.

టీచరు తెర దగ్గరికి వచ్చి చాలాసేపు చూశారు.

"అది పసుపు సారూ" అన్నారు. గొంతు తగ్గింది. "కొత్త కట్ట విప్పినాం గదా. పై కాగితానికి నాలుగు మూలలా పసుపు రాసి దండం పెట్టుకుంటి. ఆ కాగితాన్ని పక్కన పెట్టేదెందుకని దీనికే ఇస్తి. దీనికి సీటు రావాలని." నాగవేణి భుజం మీద చెయ్యి వేసి, "అంటే నేనే దీని నోట్లో మన్ను కొట్టినానా?" అని అడిగారు.

ఆవిడ బొటనవేలు పై మూలల్లో తడిగా జారి, కింది మూలలకు వచ్చేసరికి ఆరిపోయింది. అంతే జరిగింది. పెండ్లిపత్రికల మూలల్లో పసుపు నేనూ చూసినవాణ్ణే. కాని మాది మిషన్ ఆసుపత్రి వెనక వీధిలోని క్రైస్తవ కుటుంబం. కాగితానికి పసుపు రాయడం మా ఇంట్లో లేదు. నా నమూనా పత్రాలన్నీ మా ఇంటి బల్ల మీద తయారైనవే.

"లేదు టీచరమ్మా" అన్నాను. "మీరు రాసింది పసుపే. దాన్ని నలుపు అనుకోమని యంత్రానికి చెప్పింది నేను."

నాగవేణిని క్షమాపణ అడిగాను. ఆ పిల్ల ఏం చెప్పాలో తెలియక టీచరు వైపు చూసింది. "సరే అను" అన్నారు టీచరు. "సరే సార్" అంది.

ప్రిన్సిపాల్‌కు జరిగింది చెప్పి జాబితాను ఆపించాను. మూడు ఊళ్ల పత్రాల మూలలన్నీ ప్రిన్సిపాలూ నేనూ కూర్చొని కంటితో చూశాం. పుంగనూరు కట్టలో రెండో కాగితానికి తడి కొద్దిగా దిగింది గాని లెక్క జారేంత కాదు. కుప్పం పిల్లల్లో కొందరు అక్కడి తమిళ అలవాటు ప్రకారం పత్రం పైన వినాయకుడి గుర్తుగా పిళ్లయార్ సుళి చుట్టి రాత మొదలుపెట్టారు. అది మూలలకు దూరంగా ఉండబట్టి వాళ్ల మార్కులు బతికిపోయాయి. రెండు రోజులు ఆలస్యంగా బోర్డెక్కిన జాబితాలో నాగవేణి పేరు ఉంది. నలభయ్యో పేరు తీసివేయక తప్పలేదు. దాన్ని కొట్టివేసిందీ నా చేయే. ఆ పేరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

యంత్రం మళ్లీ మళ్లీ ఒకే జవాబు చెప్పడం వేరు, సరైన జవాబు చెప్పడం వేరని చదువుకున్నవాణ్ణే. అయినా ఆ రోజు ఆ ఇద్దరి ముందు మొదటిదాన్ని చూపించి రెండోదని వాదించాను. ఆ వేసవిలోనే హద్దు బిగించాను. అనుమానం వస్తే మార్కు వేయకుండా పత్రాన్ని పక్కకు తోసేయాలి. దాన్ని మనిషి చదవాలి.

మరుసటి ఏడు పుంగనూరు కట్టతోపాటు ఒక కాగితం విడిగా వచ్చింది. నాలుగు మూలలా దట్టంగా పసుపు. వంద ప్రశ్నలకూ గుండ్రాలు పెన్సిలుతో శుభ్రంగా నింపి ఉన్నాయి. దానికి గుచ్చిన చీటీలో రెడ్డెమ్మ టీచరు ఇలా రాశారు: "ఇది పిల్లలకు ఇవ్వలేదు. ముందు మీ యంత్రానికి పెట్టండి."

పెట్టాను. యంత్రం మార్కు వేయలేదు, పత్రాన్ని పక్కకు తోసింది. అప్పుడే మొదటి పిల్లవాడి పత్రం చేతిలోకి తీసుకున్నాను. నేను ఆ కాలేజీ వదిలేదాకా ప్రతి ఏడూ ఆ కెమెరా కిందికి ముందుగా వెళ్లింది ఆ పసుపు కాగితమే.