ఓడెక్కిన ఫోల్డర్

మా బడి పక్కనే హెలికాప్టర్లు దిగుతాయి. అవి నెత్తిమీదుగా వెళ్తున్నప్పుడు టీచర్ వాక్యం మధ్యలో ఆగిపోతుంది. చప్పుడు దాటాక ఆగిన మాట దగ్గర నుంచే మళ్ళీ మొదలుపెడుతుంది. పిల్లలు తలెత్తి కూడా చూడరు. వాటిని నడిపేదీ, బాగుచేసేదీ వాళ్ళ నాన్నలే. ఇద్దరు ముగ్గురికి అమ్మలు.

బడి టూవూంబా అనే ఊరి నుంచి కారులో అరగంట, జొన్న చేల మధ్యగా. సముద్రానికి అవతల ఉన్న ఒక చిన్న దేశం తన సైనికులను శిక్షణ కోసం రెండేళ్ళో మూడేళ్ళో ఇక్కడ ఉంచుతుంది. వాళ్ళ పిల్లల కోసం పెట్టిన ప్రాథమిక పాఠశాల ఇది. పోస్టింగ్ అయిపోయి ఇంటికి వెళ్ళినప్పుడు పిల్లలు వెనకబడకూడదని వాళ్ళ దేశపు పాఠాలే చెబుతారు. నేను ఇక్కడ టీచర్ ఎయిడ్‌ని. చదవడం సరిగ్గా పట్టుబడని పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి చదివించడం నా పని.

నాకు పన్నెండేళ్ళప్పుడు గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చాం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు ఇప్పటికీ బెరుకే. పిల్లల దగ్గర మాత్రం ఆ ఇబ్బంది లేదు. ఏ పిల్ల ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో నాకు తెలుస్తుంది. ఆ విషయంలో నా మీద నాకు అనుమానం లేదు. మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక కారులో కూర్చుని డైరీ రాసుకుంటాను. తెలుగులోనే రాస్తాను, పేర్లు రాయను.

ఒక పిల్ల గురించి ఆ డైరీలో చాలా పేజీలున్నాయి. ఏడేళ్ళది, రెండో తరగతి. ఏడాది మధ్యలో పంపిన రిపోర్టులో టీచర్ ‘ఇంకా సొంతంగా చదవలేకపోతోంది’ అని రాసింది. అప్పటికి అది నిజమే. పుస్తకం ముందు పెడితే పెదవులు బిగించి బల్ల వైపు చూసేది. సెలవుల తర్వాత ఒకరోజు, రోజూ నేను కూర్చునే ఎదుటి కుర్చీలో ఎవరో రంగులు ఆరడానికి బొమ్మలు పెట్టారు. చేసేది లేక ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. నాలుగు వాక్యాలు చదివింది. మర్నాడు ఎదుటి కుర్చీ ఖాళీగానే ఉంది, అయినా పక్కనే కూర్చున్నాను. పేజీన్నర చదివింది. పది వారాల్లో కథల పుస్తకాలు చదివే స్థితికి వచ్చింది. ఈలోగా వాళ్ళ నాన్నకు వెనక్కి పోస్టింగ్ వచ్చింది.

వెళ్ళిపోయే ప్రతి పిల్లకూ మేము ఒక ఫోల్డర్ కడతాం. ఆ పిల్ల చదివిన పుస్తకాల పట్టిక, చదివించినప్పుడు టీచర్ వేసిన గుర్తుల కాగితాలు అందులో ఉంటాయి. అక్కడి బడి వాళ్ళు దాన్ని చూసి ఏ తరగతిలో వెయ్యాలో తేల్చుకుంటారు. కంప్యూటర్లో వెళ్ళేది ఏడాది మధ్య రిపోర్టు ఒక్కటే, మిగతాదంతా కాగితం మీదే. అందుకని ఒక నియమం ఉంది. ఫోల్డర్‌ను అమ్మకో నాన్నకో చేతికివ్వాలి, సంతకం తీసుకోవాలి. దానికీ కారణం ఉంది. సామాను ఓడకెక్కించే ప్యాకర్స్ వచ్చిన రోజు, వెళ్ళిపోయేవాళ్ళ ఇళ్ళలో ఏదీ మిగలదు. ఒకరింట్లో చెత్తబుట్టను చెత్తతో సహా అట్టపెట్టెలో పెట్టి టేపు వేశారు. అక్కడికి చేరాక విప్పి చూసుకుంటే అరటితొక్కలు. కాబట్టి అనుభవం ఉన్నవాళ్ళు పాస్‌పోర్టులూ ముఖ్యమైన కాగితాలూ ముందురోజే కారు డిక్కీలో పెట్టి తాళం వేసుకుంటారు.

ఆ పిల్ల బడికి వచ్చిన ఆఖరి రోజు, గురువారం, వాళ్ళ నాన్న యూనిఫాంలో వచ్చి గేటు దగ్గర మరో ఇద్దరు ఆఫీసర్లతో మాట్లాడుతూ నిలబడ్డాడు. నేను ఫోల్డర్ పట్టుకుని మెట్ల దాకా వెళ్ళాను. వాళ్ళ మాటలు ఆగలేదు. మధ్యలో దూరి పిలవడానికి నాకు నోరు రాలేదు. వెనక్కి వచ్చి ఫోల్డర్‌ను పిల్ల స్కూల్ బ్యాగ్‌లో పెట్టి జిప్ వేశాను. “ఇది ఇంటికెళ్ళాక అమ్మకివ్వు” అన్నాను. తను తలూపింది. శుక్రవారం పొద్దున ప్యాకర్స్ వచ్చి, తలుపు వెనక తగిలించి ఉన్న ఆ బ్యాగ్‌ను ఎలా ఉన్నది అలాగే పెట్టెలో పెట్టేశారు.

ఈ సంగతి మంగళవారం తెలిసింది. ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచింది. అరవై దగ్గర పడ్డ మనిషి, ఈ చుట్టుపక్కలే పశువుల ఫామ్‌లో పెరిగింది. బల్ల మీద ఫోన్ స్పీకర్లో ఉంది. అవతల ఆ పిల్ల తల్లి.

“మిస్, ఫోల్డర్ కంటైనర్లో ఉంది. ఓడ రావడానికి ఆరు వారాలంట. నిన్న స్కూల్‌కి వెళ్ళాం. టీచర్ ఎదురుగా కూర్చుని పుస్తకం ఇచ్చింది. ఇది నోరే విప్పలేదు. వాళ్ళ దగ్గరున్న రిపోర్టూ చదవలేదనే చెబుతోంది కదా. వచ్చే ఏడాది కూడా రెండో తరగతిలోనే ఉంచుతామంటున్నారు. బతిమాలితే రేపు ఇంకొక్కసారి చూస్తామన్నారు.”

“పాప ఏమంటోంది?” ప్రిన్సిపాల్ అడిగింది.

“నాకు చదవడం వచ్చని వీళ్ళకి తెలీదమ్మా, అంటోంది. నిన్నటి నుంచి అదే మాట.”

ఫోన్ పెట్టేశాక ప్రిన్సిపాల్ సంతకాల పుస్తకం తిరగేసింది. ఆ వరుస ఖాళీగా ఉంది.

“చేతికివ్వలేదా?”

“లేదు. బ్యాగ్‌లో పెట్టాను. వాళ్ళ నాన్న ఎవరితోనో మాట్లాడుతున్నారు, పిలవలేకపోయాను. తప్పు నాదే.”

ఆవిడ పుస్తకం మూసింది. “మా ఆవులు కూడా నీకంటే ఎక్కువ గోల చేసేవి” అంది. “సరే. కాపీలు ఏమైనా ఉన్నాయా?”

“కాపీలు లేవు. నేను రాసుకున్నవి ఉన్నాయి.”

కారులోంచి డైరీ తెచ్చాను. ఆవిడ తెరిచి చూసి, అటు తిప్పి ఇటు తిప్పి, నాకే ఇచ్చేసింది. “ఈ గుండ్రటి అక్షరాల్లో ఏముందో నువ్వే చెప్పాలి.”

డైరీ ఇచ్చేసి తప్పుకునే వీలు లేదు. తెలుగులో రాసుకున్నదాన్ని చూస్తూ ఇంగ్లిషులో చెప్పడం మొదలుపెట్టాను. మొదటి రెండు పేజీలకు చెమట పట్టింది. తర్వాత ఆ పిల్ల గుర్తొచ్చింది, చెమట సంగతి మర్చిపోయాను. ఏ రోజు ఏ పుస్తకం, ఎన్ని పేజీలు. ఎదురుగా కూర్చుంటే మూగబోతుంది, పక్కన కూర్చోవాలి. చదివే ముందు పేజీ మొత్తం ఒకసారి కళ్ళతో చూసుకోనివ్వాలి. తడబడితే మాట అందించకూడదు. ఎడమచేత్తో చెవి పట్టుకుందంటే ఆలోచిస్తోందన్నమాట, రాదని కాదు.

“ఇవన్నీ ఫోల్డర్లో ఉన్నాయా?” ప్రిన్సిపాల్ అడిగింది.

“లేవు. ఫోల్డర్లో గుర్తులూ పట్టికలే.”

“అయితే ఓడలో పోయింది చిన్న సంగతే, అసలుది ఇక్కడే ఉంది.” ఆవిడ అప్పుడే అక్కడి బడికి ఫోన్ కలిపింది. వాళ్ళ టీచర్ లైన్లోకి రాగానే, “మా రీడింగ్ మనిషి మాట్లాడుతుంది” అని ఫోన్ నా వైపు జరిపింది.

ఆ టీచర్ గొంతు కటువుగా ఉంది. “పిల్ల నా ముందు ఒక్క అక్షరం చదవలేదు. చదవగలదని మీరెలా చెబుతారు?”

“మీరు ఎదురుగా కూర్చున్నారు కాబట్టి చదవలేదు” అన్నాను. అనేశాక గాని ఎంత సూటిగా అన్నానో తెలియలేదు. “రేపు పక్కన కూర్చోండి. పేజీ తనను చూసుకోనివ్వండి. మధ్యలో ఆగితే పది లెక్కపెట్టండి, మాట అందించకండి. చెవి పట్టుకుందంటే ఆలోచిస్తోందని అర్థం. అప్పటికీ చదవకపోతే రెండో తరగతిలోనే ఉంచండి.”

అవతల పెన్ను గీస్తున్న చప్పుడు. “చెవి అన్నారు, ఏ చెవి?” అని అడిగింది.

సాయంత్రం వంటింట్లో అమ్మకు చెప్పాను. డ్యూటీ బట్టలు కూడా మార్చుకోకుండా ఉల్లిపాయలు తరుగుతోంది.

“ప్రిన్సిపాల్‌కి నువ్వే చెప్పావా? నోటితో?”

“నోటితోనే.”

“తరవాత ఆ ఫారిన్ టీచర్‌తో కూడా?”

“ఆవిడకి ఫారిన్ మనమేనమ్మా.”

“అబ్బో. ముందే చెప్తే లీవ్ పెట్టి వచ్చి చూసేదాన్ని కదే. మొన్న ఫార్మసీలో నీ టాబ్లెట్లు కూడా నన్నే అడగమన్నావ్.” కత్తి పక్కన పెట్టింది. “ఒకవేళ ఆ పిల్ల రేపు చదవకపోతే?”

“చదువుతుంది.”

“అంత గ్యారంటీనా?”

“అంతే” అన్నాను. ధైర్యం కోసం అన్న మాట కాదు. పది వారాలు ఆ పిల్ల పక్కన కూర్చున్నదాన్ని.

బుధవారం పొద్దున నేను ఇంకో పిల్లవాడిని చదివిస్తుంటే ప్రిన్సిపాల్ తలుపు దగ్గరికి వచ్చి చేతితో రమ్మంది. ఫోన్లో ఆ టీచరే. నిన్నటి గొంతు కాదు. “మొదటి పేజీ దగ్గర చాలాసేపు చెవి పట్టుకుని కూర్చుంది. నేను పది కాదు, ఇరవై లెక్కపెట్టాను. తర్వాత మొదలుపెట్టింది. ఆరో పేజీ దగ్గర నేనే ఆపాల్సి వచ్చింది, నాకు క్లాసుంది. ఆపితే కోపం కూడా వచ్చింది తనకి. వచ్చే ఏడాది మూడో తరగతిలో వేస్తున్నాం.” ఫోన్ పెట్టేసే ముందు, “మీరు పంపే తర్వాతి పిల్లల గురించి కూడా ఇలాంటివి చెబితే బాగుంటుంది” అంది.

ప్రిన్సిపాల్ నన్ను కూర్చోమంది. ఏడాది చివర మరో నలుగురు వెళ్ళిపోతున్నారు. తెల్లకాగితం తీసుకుని పెన్ను తెరిచి, “చెప్పు” అంది. నేను డైరీ తెరవలేదు. అందరికంటే చిన్నదానితో మొదలుపెట్టాను. మధ్యలో హెలికాప్టర్ వెళ్ళింది. గొంతు పెంచి చెబుతూనే పోయాను.