మధ్య గది భూసంధి

వీరరాఘవరావుకు ఎక్కడ చూసినా భూసంధే కనిపించేది. రెండు సముద్రాల నడుమ సన్నటి నేలపట్టీ, రెండు పెద్ద భూభాగాలను కలిపి ఉంచేది. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో భూగోళం చెప్పీ చెప్పీ అలా తయారయ్యాడు. క్షవరం చేయించుకుంటూ కూడా, "మెడ దగ్గర జాగ్రత్త నాయనా, తలకూ మొండేనికీ మధ్య అదొక్కటే పనామా" అనేవాడు. నారాయణగూడ ఫ్లైఓవర్ మీద బస్సు ఆగిందా, ప్రయాణికులందరికీ సూయజ్ పాఠమే.

వీధిబడిలో చదివి తాలూకాకే మొదటివాణ్ణయిన నన్ను, చిక్కడపల్లిలో మా కాలనీకి వీధిదీపాలు తెచ్చిన అధ్యక్షుణ్ణి, నన్నూ వదల్లేదు. "పనామా తవ్వి ఓడలకు దారిచ్చారు అధ్యక్షా. నడిచేవాడి దారి తెంచారు" అన్నాడు.

ఆయన కిరాయికి ఉన్నది ఇరుకు గది. ఒక పక్క తరతరాలుగా ఇక్కడే ఉన్న విద్యాసాగర్, కమల. మరో పక్క గోదావరి జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన సూర్యనారాయణమూర్తి, హైమవతి. అందరికీ ఒకటే వాకిలి. రెండువేల పదకొండులో ఉద్యమం మీద టీవీ చర్చలు చూసీ చూసీ మగవాళ్ళిద్దరూ మాటలు మానేశారు. వాకిలి మధ్య గోడకు ఇసుక దింపించారు. గోడ ఎత్తు విషయంలో మాత్రం, నా మధ్యవర్తిత్వంలో, చక్కగా ఏకాభిప్రాయానికొచ్చారు.

వీరరాఘవరావు ఇసుక కుప్ప ఎక్కి, "ఇది భూసంధి, తవ్వకూడదు" అన్నాడు.

"తవ్వుతలేము సార్, కడుతున్నం. జర దిగుర్రి" అన్నాడు విద్యాసాగర్.

మర్నాడు మధ్యాహ్నం వీరరాఘవరావు రెండు గిన్నెలు మోశాడు. కమల పంపిందని హైమవతికి సర్వపిండి, హైమవతి పంపిందని కమలకు పులిహోర. సాయంత్రానికి ఆడవాళ్ళిద్దరూ వాకిట్లోకి వచ్చారు, పోట్లాడటానికి. వచ్చిన గిన్నె ఖాళీగా తిప్పి ఇవ్వకూడదు కనుక చేతుల్లో నిండు గిన్నెలతోనే వచ్చారు.

"హైమక్కా, కోపముంటే మొహం మీద చెప్పు. చింతపండు లేని పులిహోర పంపుడేంది?"

"నేనెప్పుడు పంపాను? నువ్వు పంపిన సర్వపిండికి మావారి పన్ను కదిలింది."

"నేను పంపిన్నా? మా సర్వపిండి గట్లుంటదా?"

ఇద్దరూ మధ్య గదివైపు తిరిగారు. వీరరాఘవరావు గడపలోనే ఉన్నాడు, చేతివేళ్ళకు కాలిన బొబ్బలతో. "భూసంధికి వంట రావాలని ఏ పుస్తకంలోనూ లేదమ్మా" అన్నాడు.

ముందు నవ్వింది ఎవరో నాకు తెలియదు. ఆ రాత్రి రెండిళ్ళూ వాకిట్లో కలిసి తిన్నాయి. మర్నాడు ఆ ఇసుకతో వీధి గుంతలు పూడ్పించిన ఘనత నాదే.

రెండు ప్రాంతాలూ ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం ఆ ఏడాది ఒక్కటే. వీరరాఘవరావు ఇక పొయ్యి వెలిగించరాదు, ఆయన భోజనం రెండిళ్ళ బాధ్యత. ప్రవేశపెట్టింది నేనే.