టీచరమ్మ ఐదు చాపలు

వారం రోజులు పట్టిన ముసురు వదిలి, నాలుగు రోజులు ఎండ కాసింది. బుధవారానికి నల్లరేగడికి పదును కుదిరింది. ఒక్క రోజు ఆలస్యమైతే పైతడి ఆరిపోతుంది కాబట్టి ఊళ్ళో అందరం ఒకేసారి పప్పుశనగ విత్తనానికి దిగాము. నేను ట్రాక్టరుకు కట్టిన విత్తనాల గొర్రు వెనకాల నడుస్తూ, గొట్టాల్లో మట్టి ఇరుక్కుందేమోనని చూస్తున్నాను. ఎనిమిదిన్నరకు మా ఎదురింటి వదిన ఫోన్ చేసింది.

“యాడుండావప్పా?”

“చేన్లో. విత్తనం ఏస్తాండాం.”

“టీచరమ్మ పోయిందంట. తెల్లారుజామున. ఆళ్లగడ్డ నుంచి చెప్పినారు.”

ట్రాక్టరు ఆపమని చెయ్యెత్తాను. నడిపేవాడికి సంగతి చెప్పాను. వాడూ ఆమె దగ్గర చదువుకున్నవాడే. ఇంజను ఆపి, కిందికి దిగి, చక్రానికి అంటిన మట్టి గీకాడు. “ఈ నాలుగు సాళ్ళు ఏసి పోదామన్నా. సగంలో ఇడ్సిపెట్టొస్తే ఆయమ్మే తిడతాది,” అన్నాడు. వేసే వెళ్ళాము.

మా ఊరు నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే రోడ్డుకు కొంచెం లోపలికి ఉంటుంది. నేను మూడో తరగతిలో ఉండగా ఆమె కొత్తగా ఉద్యోగంలో చేరి మా బడికి వచ్చింది. ఇన్నేళ్ళలో నాలుగైదు ఊళ్ళు తిరిగి, మళ్ళీ మా ఊరికే వచ్చింది. ఈసారి నా కూతురు, మా చిన్నది, ఆమె దగ్గర చేరింది. నేను పదో తరగతితో ఆపేశాను గానీ నా చేతిరాత బాగుంటుందని అందరూ అంటారు. అది ఆమె దిద్దించిన రాత. ఆ రాతతో నేను చేసిన పని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి, బడి దాకా నడిచేది. కళ్ళజోడు పెట్టెలో రెండు సుద్దముక్కలు ఉండేవి. మధ్యాహ్నం అన్నం నిలబడే తినేది, వడ్డించే దగ్గర ఒక కన్ను వేసి. లెక్క సరిగ్గా వచ్చినా టిక్కు కొట్టేది కాదు. “ఎట్లొచ్చింది?” అని అడిగేది. “జవాబు నాకు తెల్సులే, నువ్వొచ్చిన దోవ చూపీ,” అనేది. నన్నూ అట్లాగే అడిగింది, ముప్పై ఏళ్ళ తర్వాత నా కూతురినీ అట్లాగే అడిగింది.

మా బడిలో ఐదు తరగతులకు రెండు గదులు, ఒక వరండా, ఇద్దరు టీచర్లు. ఆమె నంద్యాల పోయి సొంత డబ్బుతో ఐదు ప్లాస్టిక్ చాపలు కొనుక్కొచ్చి వరండాలో వరసగా పరిచింది. ఎర్ర చాప మీద కూడికలు, పసుపు చాప మీద తీసివేతలు, నీలం మీద గుణకారాలు, ఆకుపచ్చ మీద భాగహారాలు, చివర ఊదా చాప మీద భిన్నాలు. ప్రార్థన అయ్యాక మొదటి గంట లెక్కలు. ఆ గంటసేపు ఎవరు ఏ తరగతి అనేది లేదు. చేయగలిగిన లెక్కను బట్టి కూర్చోవడమే. రెండో తరగతి పిల్ల ఐదో తరగతి పిల్లాడి పక్కన కూర్చునేది. ఐదో తరగతి పిల్లాడు ఎర్ర చాప మీద కూర్చున్నా ఎవరూ నవ్వేవాళ్ళు కాదు.

చాప మారడానికి ఒకటే నియమం. ఉన్న చాప మీద ఇంకొకరికి ఆ లెక్క వచ్చేలా చేసి మరీ పోవాలి. “ఒకరికి నేర్పి పో,” అనేది. నేర్పడం అయ్యాక ఆమె ఆ రెండో పిల్లను పరీక్ష చేసేది. ఆ పిల్లకు రాకపోతే మొదటి పిల్లకు కదలడం లేదు. ముందు పోయేవాళ్ళు వెనకవాళ్ళను వదిలేస్తారని తర్వాత ఆఫీసుల్లో మాకు చాలామంది చెప్పారు. మా వరండాలో అట్లా వదిలేసి పోవడానికి వీలే లేదు.

మా చిన్నది రెండో తరగతిలోనే ఆకుపచ్చ చాప మీదికి వచ్చింది. ఇంట్లో శనగల బస్తాల మీద బొగ్గుతో భాగహారాలు చేసేది. ఒక శుక్రవారం సాయంత్రం మా ఎదురింటి వదిన కొడుక్కు మూడంకెల భాగహారం నేర్పింది. సోమవారం వాడిని టీచరమ్మ చూడాలి, ఆ తర్వాత ఇది ఊదా చాపకు పోవాలి.

సోమవారం తనిఖీకి అధికారి వచ్చాడు.

ఏ తరగతి వాళ్ళకు ఆ తరగతి పుస్తకమే చెప్పాలని, ఏ రోజు పాఠం ఆ రోజే జరగాలని, పేజీ ఫోటో తీసి ఫోన్లో పంపాలని అప్పటికే ఉత్తర్వు వచ్చి ఉంది. ఆయన వరండాలో నిలబడి మా చిన్నదాని పలక చూశాడు.

“ఏ క్లాసమ్మా నువ్వు?”

“రెండు సార్.”

“మరి ఇదేంది?”

“భాగహారం సార్.”

మా చిన్నది ఆయనకు భాగహారం తెలియదేమో అనుకుందట, చేసి చూపించడం మొదలుపెట్టింది. ఆయన టీచరమ్మ వైపు తిరిగి, వయసుకు మించిన భారం పెడుతున్నారన్నాడు. ఆ చాపలు స్టాకు రిజిస్టరులో లేవు కాబట్టి బడిలో ఉండకూడదన్నాడు. ఆమె ఆ సాయంత్రం ఐదు చాపలూ చుట్టి, ఆటోలో వేసుకుని ఆళ్లగడ్డకు తీసుకుపోయింది.

పిల్లల తల్లిదండ్రులం ఊరుకోలేదు. నంద్యాల విద్యాశాఖ ఆఫీసుకు అర్జీ పెట్టాలనుకున్నాము. రాయడం నా వంతు. మా దిక్కున ఏ ఆఫీసుకు పోయినా ఆధారం చూపించమంటారు. పంట నష్టానికైనా, పింఛనుకైనా పేర్లతో జాబితా, ఎదురుగా సంతకాలు ఉండాల్సిందే. ఆ అలవాటు కొద్దీ, టీచరమ్మ గొప్పతనానికి ఆధారంగా నేనొక జాబితా రాశాను. పిల్ల పేరు, ఉన్న తరగతి, చేయగలిగిన లెక్క. మొదటి పేరు నా కూతురిదే. రెండో తరగతి, నాలుగో తరగతి భాగహారాలు చేస్తుంది. గీతలు కొట్టి, మార్జిను వదిలి, గుండ్రంగా రాశాను. ఎదురుగా తల్లిదండ్రుల సంతకాలు, సంతకం రానివాళ్ళ వేలిముద్రలు.

నంద్యాలలో అదే అధికారి ముందు నిలబడ్డాము. ఆయన చదువుతుండగా ఫోన్ మోగింది. “పాపకు ఫౌండేషన్ క్లాసు ఐదుకు ఇడ్సిపెడతారు. నువ్వే పోయి పిలుచుకురా,” అని ఇంటికి చెప్పి పెట్టేశాడు.

వదిన అడిగింది. “పాప ఏం చదువుతాంది సార్?”

“మూడో క్లాస్.”

“ఆ క్లాసులో ఏం చెప్తారు సార్?”

“ఆరో తరగతి లెక్కలమ్మా. ఇప్పట్నించే మొదలుపెడితేనే ముందుముందు...” అని ఆగిపోయాడు.

“మరి మీ పాపకు బరువు కాదా సార్?”

“అది ప్రైవేటమ్మా. వేరే.”

“ప్రైవేటు పిల్లోళ్ళకు తలకాయ వేరేగా ఉంటాదా సార్?”

ఆయన మొహం ఎర్రబడింది. కాగితం మళ్ళీ కింది దాకా చూసి, “లిస్టు బాగా రాసినారు. ఇచ్చి పోండి, పనికొస్తాది,” అన్నాడు. తిరుగు బస్సులో వదిన దెబ్బ గురించి అందరం నవ్వుకున్నాము. నా రాతను మెచ్చుకున్నాడని నేను లోపల కొంచెం సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం తలచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే మంట.

పదిహేను రోజులకు టీచరమ్మకు మెమో వచ్చింది. ఉత్తర్వు ఎక్కడెక్కడ మీరిందో పిల్లల పేర్లతో సహా ఉంది. వెనక జతపరిచిన కాగితం నా అర్జీయే. ఆమె మీద ఆఫీసుకు అంతకుముందు రాతలో ఏ ఆధారమూ లేదు. నేను రాసిచ్చాను. మేము సంతకాలు పెట్టాము.

ఆళ్లగడ్డలో ఆమె ఇంటికి పోయి గడపలో నిలబడ్డాను. ఆమె మెమో చూపించింది.

“రాత బాగుందప్పా,” అన్నది. “ఒక్క తప్పు పోలేదు.”

“మీరు నేర్పిందే కదమ్మా.”

“అందుకే ఎవురిని తిట్టాలో తెలీకుండా ఉండా. కూర్చో, కాపీ తాగి పో.”

చాగలమర్రి అవతల ఒక ఊరికి ఆమెను మార్చారు. రెండు బస్సులు ఎక్కాలి. ఆదివారం చర్చి అయ్యాక పిల్లలను మీ ఇంటికి పిలుచుకొస్తామంటే, “వద్దు. సర్కారు టీచరు ట్యూషన్లు చెప్తాందని రాస్తారు. ఈసారి లిస్టు వాళ్ళే రాసుకుంటారు,” అన్నది. ఆమెకు షుగరు ముందు నుంచే ఉంది. మెమో చంపిందని నేననను. రెండేళ్ళు రెండు బస్సులు ఎక్కించారని మాత్రం అంటాను.

ఆ రెండేళ్ళలో మా చిన్నదానికి ఏం జరిగిందో కూడా చెప్పాలి. పుస్తకం ఇచ్చిన వారానికే లెక్కలన్నీ చేసేస్తుంది. కొత్తగా వచ్చిన సారు చెడ్డవాడు కాదు, భయస్థుడు. “అయిపోయిందా? చేతులు కట్టుకోని కూర్చో,” అంటాడు. ఇప్పుడది నాలుగో తరగతి. రెండో తరగతిలో చేసిన భాగహారాల దగ్గరికి బడి ఈ సంవత్సరం వచ్చింది. బస్తాల మీద రాయడం మానేసింది. నంద్యాలలో ఫీజు కట్టగలిగిన ఇంట్లో పుడితే అదే పిల్లకు తెలివైనదని పేరు. మా బడిలో అయితే అది ఉత్తర్వు మీరడం. సర్కారు బడి పిల్లకు సర్కారు నేర్పింది చేతులు కట్టుకోవడం. మీ ఊరి వరండాలో ఇట్లాంటి టీచరమ్మ ఉంటే, ఆమెను పొగుడుతూ కాగితం మీద ఏమీ రాయకండి.

బుధవారం రెండు గంటలకు ఆళ్లగడ్డ చేరాము. చర్చి వెనక సందులో షామియానా వేశారు. కుర్చీలు చాలక ఆమె చెల్లెలు లోపలి నుంచి చాపలు తెచ్చి పరిచింది. ఐదూ అవే. రంగు వెలసిపోలేదు. మా ఊరి పిల్లలు ఆటోలు దిగి వచ్చారు. కొందరు హైస్కూలుకు వెళ్ళిపోయినవాళ్ళు, నిక్కర్లు వదిలి ప్యాంట్లలోకి వచ్చినవాళ్ళు. కూర్చోమని చెప్పగానే ఎవరి చాప మీదికి వాళ్ళు పోయి కూర్చున్నారు. ఎవరూ వాళ్ళకు చోటు చూపించలేదు.

అధికారి పూలదండతో వచ్చాడు. చెప్పులు విడవడానికి చోటు వెతుక్కుంటూ పిల్లలను దాటి పోయాడు. ఆ వరసలు ఏమిటో ఆయనకు తెలియలేదు. దండ వేసి, ఆమె చెల్లెలితో నిబద్ధత గల ఉపాధ్యాయురాలని చెప్పాడు.

మా చిన్నది ఆకుపచ్చ చాప అంచున కూర్చుని ఉంది. ఊదా చాప మీద చోటు చాలా ఉంది. వదిన కొడుకు దాని పక్కనే, అదే చాప మీద ఉన్నాడు, భాగహారం వాడికి ఎప్పుడో వచ్చేసింది. నేను వంగి మెల్లగా అడిగాను.

“ఆ చాప మీదికి పోయి కూర్చోలేదేమ్మా?”

“టీచరమ్మ వాన్ని ఇంకా చూడల్యేదు నాయనా,” అన్నది.

అధికారి మూడుంపావుకు వెళ్ళిపోయాడు. టీచరమ్మను నాలుగు గంటలకు తీసుకుపోయారు. మా చిన్నది ఆ తర్వాతే, నాలుగూ పదికి, ఆకుపచ్చ చాప మీద నుంచి లేచింది.