పార్ట్ టూ అడిగిన పిల్ల

మా తమ్ముడు ప్రేమ్ సాగర్‌కి దేవుడిచ్చింది గొంతొక్కటే. బందరులో పెట్టిన ఫోటో స్టూడియో మూతపడ్డాక ఆ గొంతునే నమ్ముకున్నాడు. బయటి చప్పుడు పడకుండా బీరువా తలుపు తెరిచి, చీరల మధ్య తల పెట్టి, ఫోన్లోకి కథలు చెబుతాడు. ఎక్కడెక్కడి దేశాల దయ్యం సినిమాలనో అరటిపండు ఒలిచి పెట్టినట్టు తెలుగులో చెప్పి యూట్యూబులో పెడతాడు. లక్షలమంది చూస్తారట. నేను చూడను. మిషను మీద కుట్టాల్సిన జాకెట్లు నాకు బోలెడున్నాయి, దయ్యాలెందుకండీ నాకు?

వాడి భార్య పోయేనాటికి కూతురు హన్నాకి ఐదేళ్ళు. ఇప్పుడు పదమూడు. మేనత్తని, పెంచినదాన్ని, ఆడపిల్లకి చెప్పాల్సినవి నేనే చెప్పాలి. ఇంకా చిన్నపిల్లే కదా, సెలవుల్లో చెబుదాంలే అని వాయిదా వేశాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

కిందటి నెల వీడు స్పానిష్ దయ్యం సినిమా ఒకటి పట్టాడు. కొండల్లో ఓ పల్లె, తల్లి లేని పిల్ల, తండ్రి. ఆ పిల్ల పెద్దమనిషైన రోజునే వంట్లోకి ఏదో దూరుతుంది. గోళ్ళు పెరిగి, కోరలొచ్చి, తండ్రి చెయ్యి పట్టుకుని కొరుకుతుంది. సరిగ్గా అక్కడ ఆపి, తండ్రి బతికాడో లేదో పార్ట్ టూలో చూద్దాం అన్నాడు మావాడు. జనం ఎగబడ్డారు. నిజం చెప్పాలంటే వీడు చూసిందీ ఆ సగమే. మిగతాది తీరిగ్గా చూడొచ్చనుకున్నాడట.

మొన్న శనివారం పొద్దున హన్నా బడికని బయల్దేరింది. తొమ్మిదిన్నరకి టీచరు మాధవీలత గారు ఫోను చేసి పిల్ల రాలేదేమండీ అని అడిగారు. పక్క దులిపి చూస్తే దుప్పటి మీద మరక. ఓహో, సిగ్గుపడి ఎక్కడో కూర్చుంది కాబోలు అనుకుంటున్నాను. అంతలో వాళ్ళ నాన్న ఫోనుకి మెసేజి వచ్చింది.

"నాన్నా, నాకూ వచ్చేసింది. నిన్ను కొరికేస్తానేమో. నన్ను వెతకొద్దు."

వాళ్ళ నాన్న చెప్పిన దయ్యం కథ అదీ విందన్నమాట. ఫోను చేస్తే ఎత్తదు. అది ఉత్త కథే తల్లీ అని వీడు ఏడుస్తూ పంపిన మాటలన్నీ వింటోంది, నీలం టిక్కులు పడుతున్నాయి. చివరికి ఒక్కటే అడిగింది: "పార్ట్ టూలో ఏమవుతుంది నాన్నా?"

సందు చివర ఆటో తోలే రామబ్రహ్మం గారు పిల్ల గుడివాడ బస్సు ఎక్కుతుంటే చూశారట. ఆయన ఆటోలోనే పడ్డాం. దారి పొడుగునా కాలవలే. పెడన దాటాక ఏ గట్టున నలుగురు నిలబడి కనిపించినా ఆటో ఆపించి, దిగి చూసి, మళ్ళీ ఎక్కాను. వీడు పక్కన కూర్చుని ఆ దిక్కుమాలిన సినిమా మిగతా సగం గబగబా జరిపి చూస్తున్నాడు. చూసి ఫోను ఒళ్ళో పడేశాడు. చివర్లో ఆ తండ్రే కూతుర్ని బావిలోకి తోసేస్తాడట.

"నోరు కట్టుకుని బతికుంటే ఈ రోజు మనకి వచ్చేదా?" అని ఉన్నదంతా వాడి మీద కక్కేశాను. వాడు కళ్ళు తుడుచుకుని, తండ్రి పిల్లని దగ్గరికి తీసుకున్నాడని, కోరలు ఊడిపోయాయని, ఇద్దరూ హాయిగా ఉన్నారని కథ అల్లి పంపాడు. లక్షలమందిని కట్టిపడేసిన గొంతు ఆ నాలుగు మాటలకి నాలుగుసార్లు తడబడింది.

జవాబు వచ్చేసరికి కవుతరం దాటాం. "అబద్ధం. వేరే ఛానల్లో చూశాను. తోసేస్తాడు. అదే మంచిది నాన్నా."

ప్రభువా, ఈ పిల్లని కాచుకో, కావాలంటే నన్ను తీసుకుపో అని అరిచేశాను. గుడివాడ రాగానే రామబ్రహ్మం గారు ఆటోని తిన్నగా బస్టాండుకే పోనిచ్చారు.

బస్టాండులో చివరి బెంచీ మీద ఉంది. బడి సంచి ఒళ్ళో పెట్టుకుంది. యూనిఫాం చున్నీని నోటికి రెండు చుట్లు చుట్టి, వెనక గట్టిగా ముడేసుకుంది. ఎవర్నీ కొరక్కుండా. అది చూసి అక్కడే స్తంభం పట్టుకున్నాను.

తండ్రిని చూడగానే లేచి వెనక్కి వెనక్కి జరిగింది. రావద్దని చేతులు ఊపింది. వీడు ఆగలేదు. గోడ దాకా వెళ్ళి, ఆ ముడి విప్పి, తన కుడిచెయ్యి దాని నోటి దగ్గర పెట్టాడు.

"కొరుకు."

అది తల అడ్డంగా ఊపింది.

"కొరకవే తల్లీ. నాకేమవుతుందో ఇద్దరం చూద్దాం."

చాలాసేపు ఆ చేతినే చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని కొరికింది. ఉత్తుత్తిగా కాదు, నిజంగానే కొరికింది. వీడి మొహం ఎర్రబడింది గానీ చెయ్యి లాక్కోలేదు, ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. చుట్టూ జనం చేరారు. రామబ్రహ్మం గారు వాళ్ళని అవతలికి పంపుతున్నారు.

చివరికి అదే పట్టు వదిలింది. చేతి మీద పడిన పళ్ళగాట్లని బొటనవేలితో మెల్లగా రుద్దింది.

"నొప్పిగా ఉందా నాన్నా?" అంది.