అరికాల్లో చెవికమ్మ

బైబిలు మీద చెయ్యేసి చెప్తన్నాను, ఇందులో ఒక్క ముక్క అబద్ధమైనా నాకు మిగిలిన మూడు పళ్లూ ఈ టీ గ్లాసులోనే రాలిపోవాల! ఒసే మనవరాలా, మొన్న ఆదివారం నా తోటికోడలు మార్త నన్ను దొంగని చేసేసింది. తప్పు దానిది కాదు, నా కాలిది.

ఎస్.కోట చర్చిలో ఆరాధన అయింది. జంపఖానా మీంచి లేస్తూ మార్త చెవి తడుముకుని గొల్లుమంది. "నా బంగారు కమ్మ!" ఆ చర్చిలో పట్టేది వందమంది, వెతికింది మాత్రం వెయ్యిమంది! అందరికన్నా ముందు నేనే. వట్టి కాళ్లతో మూలమూలా తిరిగాను. పాస్టరుగారి జేబులు కూడా దులపమన్నాను. దొరకలేదు. చెప్పులేసుకుని, ఏడుస్తున్న మార్తని మా ఇంటికి తీసుకొచ్చాను.

అరుగు మీద కాళ్లు జాపానో లేదో, మార్త కెవ్వుమంది.

"అక్కా, నీ మడమ నిండా రత్తం! ఓలమ్మో, నా కమ్మ!"

కమ్మ కాడంతా మడమలో దిగిపోయుంది.

"సేత్తో దొంగతనం సేసినోళ్లని సూసాను గానీ, కాలితో సేసినదానివి నువ్వే!" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. కమ్మ పీకింది. నాకేటీ తెలవలేదు. ఇద్దరి నవ్వూ అక్కడే ఆగిపోయింది.

మర్నాడు విజయనగరంలో డాక్టరుబాబు, "కళ్లు మూసుకో మామ్మా, అరికాలికి సన్న దారం తగిలిస్తాను, తగిలినప్పుడల్లా చెప్పు" అన్నాడు. మూసుకున్నాను. ఒక యుగం గడిచింది.

"ఎప్పుడు మొదలెడతావు బాబూ?"

"అయిపోయింది మామ్మా."

చర్మంలో నరాల కొసలు కాపలా ఉంటాయట. గుచ్చుకున్నా, కాలినా, అవి వెన్నులోంచి మెదడుకి కబురెడతాయట. కబురందితేనే మనం "అబ్బా" అంటాం. నా షుగరు ఆ కొసల్ని తినేసింది. పుండు ముదిరితే కాలు తీసెయ్యాల్సొస్తాది, రోజూ అరికాళ్లు చూసుకోమన్నాడు.

నలభయ్యేళ్లు మోకాళ్ల మీద పడి "ప్రభువా, నొప్పుల్లేకుండా చెయ్యి" అని ప్రార్థించాను. విన్నాడు. అరికాళ్ల కాడ్నుంచి మొదలెట్టాడు!

మీ తాతున్న రోజుల్లో తుమ్మముల్లు గుచ్చుకుంటే గరివిడి దాకా వినపడేలా అరిచేదాన్ని. ఆయన నా కాలు ఒళ్లో పెట్టుకుని పిన్నీసుతో వెతికేవాడు. సగం ముళ్లు ఉత్తివే. తెలిసే వెతికేవాడు. ఇప్పుడు అరవడానికి నొప్పీ లేదు, ఒళ్లో పెట్టుకోడానికి ఆయనా లేడు.

నాకా, వంగితే నడుం పట్టేస్తాది, చూపూ ఆనదు. టీ అయిందిగా, ఆ పీట ఇటు లాక్కోయే. ఈ రెండు అరికాళ్లూ బాగా చూడు. ఏటైనా గుచ్చుకునుంటే చెప్పు. అరిచే పని నాది.